తెరపై గీత – తలపై కప్పు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. గృహనిర్మాణం ఎంత శ్రమతో కూడినదో ఈ సామెత తెలుపుతుంది. ఆ శ్రమను, కాలవ్యయాన్ని తగ్గించడానికి మానవుడు కనుగొన్న మార్గాలలో పూర్వనిర్మిత విధానం ముఖ్యమైనది. గోడలు, కప్పు పలకలు, మెట్ల వరుసలు మొదలైన భాగాలను కర్మాగారంలో ముందుగా తయారుచేసి, నిర్మాణస్థలానికి తరలించి, క్రేన్లతో ఎత్తి జోడించడమే ఈ విధానం. 1851లో లండన్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన క్రిస్టల్ ప్యాలెస్ ఇనుప, గాజు భాగాలతో ఈ విధంగానే కొన్ని నెలలలో వెలసింది. మన దేశంలో 2021లో శంకుస్థాపన జరిగిన చెన్నైలోని 1,152 ఇళ్ల సముదాయం ఈ పద్ధతిలోనే నిర్మితమై 2022లో ప్రారంభమైంది.

ఈ విధానానికి కంప్యూటర్ తోడయింది. 1963లో ఇవాన్ సదర్లాండ్ రూపొందించిన ‘స్కెచ్‌ప్యాడ్’లో మూలచిత్రాన్ని మార్చితే దాని ప్రతులన్నీ మారేవి. నేటి సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక గోడపలకను ఒకసారి గీస్తే చాలు, దానిని వందసార్లు వాడుకోవచ్చు. నీటిగొట్టం దూలానికి అడ్డుపడితే పోతకు ముందే తెరపై కనిపెట్టవచ్చు. ఇది గొప్ప సౌకర్యమే. అయితే ఒప్పు వందరెట్లు పెరిగినట్లే తప్పు కూడా వందరెట్లు పెరుగుతుందని మరువరాదు.

ఇటుకతో కట్టే గోడ కాస్త వంకరపోతే తాపీమేస్త్రీ రసమట్టం పెట్టి చూసి, గార మందం మార్చి సరిచేస్తాడు. పోతపోసిన పలకకు ఆ అవకాశం చాలా తక్కువ. కిటికీ కోసం విడిచిన ఖాళీ, విద్యుత్తు తీగల దారి, క్రేను కొక్కెం తగిలించే చోటు, రెండు పలకల నడుమ ఉంచవలసిన ఎడం – అన్నీ ముందే నిర్ణయం కావాలి. కనుక మేస్త్రీ చేతిలోని వివేకం గీసేవాని బుద్ధిలోకి రావాలి.

రాకపోతే ఏమవుతుంది? 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, 18వ అంతస్తులో వంటగ్యాసు పేలింది. ఒక గోడపలక ఊడిపోగానే దానిపై ఆధారపడిన అంతస్తులు కూలాయి. వాటి బరువుకు కింది అంతస్తులు కూడా వరుసగా కూలి, భవనపు ఒక మూల పూర్తిగా నేలమట్టమైంది. నలుగురు మరణించారు. పలకలు బలమైనవే. వాటిని కలిపే అతుకులు బలహీనమైనవి. ఒక ఆధారం పోతే భారాన్ని మోసే మరో దారిని నమూనాలో కల్పించలేదు. అది కంప్యూటర్ గీసిన నమూనా కాదు. కాని ఆ పాఠం కంప్యూటర్ యుగానికి మరింతగా వర్తిస్తుంది. తెరపై రెండు గీతలు కలిస్తే అతుకు పూర్తయినట్లే కనిపిస్తుంది. ఆ అతుకులో గార నిండిందో లేదో తెరకు తెలియదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవద్దని కాదు, దానితోనే ఆగిపోవద్దని నా అభిప్రాయం. నమూనా గీసే విద్యార్థి పోత జరిగే చోట నిలబడాలి. పలకను లారీపైకి ఎక్కించడం చూడాలి. అతుకు నింపే కార్మికుని కష్టం తెలుసుకోవాలి. తన గీత కింద ఒక కుటుంబం నిద్రిస్తుందన్న ఎరుక కలవాడే నిజమైన రూపశిల్పి. యంత్రం గీతకు వేగాన్నిస్తుంది. దానికి బాధ్యతను మాత్రం మనిషే ఇవ్వాలి.