కొండవాడల రాకపోకలు

విశాఖపట్టణమునకు ఎట్టి ప్రయాణసాధనము తగునను చర్చ యేండ్ల తరబడి సాగుచున్నది. 2014వ సంవత్సరపు రాష్ట్ర పునర్విభజన చట్టముయొక్క పదుమూడవ షెడ్యూలులోనే, ఈ నగరమునకు మెట్రో రైలు సాధ్యమగునేమో పరిశీలింపవలెనని వ్రాయబడినది. బండ్ల వేగమును, స్టేషనుల సొగసును వర్ణించువారు పెక్కుమంది కలరు. కొండవాలున ఇల్లు కట్టుకొన్న కూలివాని గడపనుండి లెక్క ప్రారంభించువారు అరుదు. లెక్క అచ్చటనే ప్రారంభింపవలెనని మా యభిప్రాయము.

ముందుగా ఆయా సాధనముల గుణదోషములను విచారింతము. మెట్రో రైలు గంటకు ఒక్క దిక్కుననే ముప్పదివేలమందికి పైగా మోయగలదు. కాని నూరడుగుల దూరమునకు నాలుగైదడుగులకు మించి యెక్కుట దానికి కష్టము. కావున అది మైదానమునకును లోయకును తగినది. విద్యుత్ బస్సు అంతకు రెట్టింపు వాలునైనను ఎక్కగలదు. దిగునపుడు కొంత విద్యుత్తును తిరిగి కూడబెట్టుకొనును. అయినను దానికి రోడ్డు ఉండవలెను. మెట్లును సందులును మాత్రమే గల వాడకు అది పోజాలదు. రోప్‌వేకు ఎంతటి నిట్రవాలును అడ్డము కాదు, స్థలమును కొద్దిగనే చాలును. కాని అది గంటకు మూడు నాలుగువేలమందినే మోయును. పెనుగాలి వీచినను పిడుగులు పడుచున్నను ఆగిపోవును. ఇట్లు వీనిలో ఏ యొక్కటియు తానై సర్వసమర్థము కాదు.

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున మెడెలిన్ అను మహానగరము ఈ సత్యమును గ్రహించినది. ఆ నగరము లోయలోనున్నది. బీదజనులలో పెక్కుమంది ఇరుప్రక్కల కొండలమీద నివసింతురు. 1995లో లోయవెంట మెట్రో రైలు నడచెను. 2004లో సాంటో డొమింగో కొండవాడకు రోప్‌వే వేసి, దానిని మెట్రో స్టేషనుతోనే కలిపి, ఒక్క టికెట్టుతోనే రెండింటను పోవునట్లు చేసిరి. 2011లో మఱియొక కొండవాడయందు 384 మీటర్ల పొడవున కదలెడి మెట్లను అమర్చిరి. అచ్చట రైలు ప్రధానమార్గము. తక్కినవి జనులను దానికడకు చేర్చు దారులు.

బొలీవియాలోని లాపాజ్ నగరమున రోప్‌వేయే ప్రధానవాహనము. 2014లో మొదలై, పది మార్గములుగా, ముప్పది కిలోమీటర్లకు పైగా విస్తరించినది. గిన్నెవంటి లోయలో లాపాజ్, దాని యంచుమీద ఎల్ ఆల్టో నగరము నుండుటచే వారికది తగినది. సముద్రతీరమువెంట చదునైన నేలమీద సాగిన విశాఖకు ప్రధానమార్గము నేలమీదనే కలదు. కొఱత యున్నది కొండ యెక్కు శాఖలకే.

రోప్‌వే వేసినంతమాత్రమున మేలు కలుగునని తలంపరాదు. బ్రెజిలులోని రియో నగరమున అలెమావ్ కొండవాడలకు 2011లో వేసిన రోప్‌వే, రాష్ట్రపు బొక్కసము అడుగంటిన 2016లో ఆగిపోయెను. తమకు ముందు మురుగుకాలువలు కావలెనని మొఱపెట్టుకొన్న వాడజనుల మాటను పాలకులు పెడచెవిని పెట్టిరి. అడుగక యిచ్చిన దానము నిలువదు.

విశాఖలోను రోప్‌వే కలదు. కాని కైలాసగిరిమీద అది విహారయాత్రికులకు మాత్రమే. ఆరిలోవ, గోపాలపట్నము, కంచరపాలెము ప్రాంతముల కొండవాలు వాడలవారికి కాళ్లే వాహనములు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడినది, మెచ్చదగినదే. కాని బస్సు కొండక్రిందనే ఆగిపోవును. బియ్యపు మూట నెత్తిని, చంటిబిడ్డ చంకను పెట్టుకొని మెట్లెక్కు తల్లికి ఆ యుచితము సగము దారివఱకే.

పట్టాలేని యిండ్లకు ప్రజాధనమేల యని కొందఱు వాదింతురు. ఇంటి హక్కును గూర్చిన వ్యాజ్యము వేఱు, నడచుటకు దారి వేఱు. ఆ కొండలు దిగివచ్చు చేతులవలననే రేవును, కర్మాగారములును, మన యిండ్లును నడచుచున్నవి. వారి పనిని స్వీకరించి వారి దారిని నిరాకరించుట న్యాయము కాదు. చరియలు విఱిగిపడు చోట్లనుండి జనులను సురక్షితస్థలములకు మార్చుట అవసరమే. అది తక్కినచోట్ల దారి వేయకుండుటకు సాకు కారాదు.

కావున మేము కోరునవి నాలుగు. మెట్రో వచ్చులోపలనే, రోడ్డున్న కొండవాడలకు చిన్న విద్యుత్ బస్సులను నడుపవలెను. మెట్లదారులకు చేతికమ్ములు, దీపములు అమర్చవలెను. కొండమీదినుండి పనిచోటివఱకు ఎన్ని బండ్లు మాఱినను ఒకే టికెట్టు చెల్లవలెను. రోప్‌వేయైనను కదలెడి మెట్లయినను, ఆ వాడలోనే సభ జరిపి వారి యవసరములు విన్న పిమ్మటనే నిర్ణయింపవలెను. పఠనమందిరములలో దీనిని చదువు పౌరులు తమ ప్రతినిధులను ఈ నాలుగింటికి లిఖితపూర్వకముగా సమాధానమడుగుదురు గాక.