ఇంటర్నెట్ ఫోనుకు తాళం ఎవరు వేయాలి?



గణాలూ, యతులూ, ప్రాసలూ చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడికి ఫోను యంత్రాలతో ఏమి పని అని మీరడుగవచ్చు. నేనూ అలాగే అనుకొంటూ ఉండేవాడిని. పని దానంతట అదే వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

మేముండే యాప్రాల్ హైదరాబాదుకు ఉత్తరపు అంచున ఉన్నది. ఒక ప్రక్క కంటోన్మెంటు, మరొక ప్రక్క ఏటికేడాది లేచే అపార్టుమెంట్లు. నా పూర్వవిద్యార్థి ఒకడు ఇక్కడే ఆరుగురు మనుషులతో చిన్న కార్యాలయం నడుపుతున్నాడు. విదేశాలలోని ఖాతాదారులతో ఫోనులో మాట్లాడడం వారి వృత్తి. మామూలు తీగె ఫోను కాదు, ఇంటర్నెట్ మీద నడిచే ఫోను. ఒక సోమవారం ఉదయం వాడు ముఖం వేలాడవేసుకొని వచ్చాడు.

"సార్, రెండు రాత్రుల్ల మా ఫోను ఎవరో వాడేసిన్రు" అన్నాడు.

"ఆఫీసుకు తాళం వేయలేదురా?" అన్నాను.

"ఏసినం సార్. తాళం ఏసినట్టే ఉన్నది. ఫోన్లు కూడ బల్లల మీదనే ఉన్నయి."

శనివారం రాత్రి మొదలుకొని సోమవారం తెల్లవారేదాకా, వాళ్ళెన్నడూ పేరైనా తలచని దేశాలకు ఆ కార్యాలయం పేరు మీద కాల్స్ వెళ్ళాయి. ఫోను ఖాతాలో సొమ్ము అయిపోయినప్పుడల్లా కార్డు నుంచి తనంతట తానే నిండే ఏర్పాటు ఉన్నది. అది సౌకర్యమని పెట్టుకొన్నదే. ఆ రెండు రాత్రులూ ఖాతా నిండుతూనే ఉన్నది, ఖాళీ అవుతూనే ఉన్నది. పోయిన సొమ్ము ఆ ఆరుగురి నెలజీతాల కంటె ఎక్కువ.

కారణం అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు. ఒక ఎక్స్‌టెన్షను సంఖ్య 101. దాని పాస్‌వర్డు కూడా 101. బిగించిన మనిషి "తర్వాత మార్చుకోండి" అని చెప్పి వెళ్ళాడట. ఆ 'తర్వాత' రానే లేదు.

విన్నవారందరూ వాడినే తప్పు పట్టారు. మొదట నేనూ పట్టాను. తరువాత కొన్నాళ్ళు కూర్చుని ఈ సంగతి తెలిసినవారిని అడిగి, చదివి, అర్థం చేసుకొన్నాక నా అభిప్రాయం మారింది. ఆ మారిన అభిప్రాయమే ఈ వ్యాసం.

ముందు ఈ దాడి స్వరూపం చెప్పాలి. ఇంటర్నెట్ ఫోనులు మాట కలుపుకోవడానికి 'సిప్' అనే ఒక కట్టుబాటును పాటిస్తాయి. 2002లో ఇప్పటి రూపం పొందిన ఈ కట్టుబాటుకు మామూలుగా వాడే ద్వారం సంఖ్య 5060. మీ ఫోను వ్యవస్థ ఇంటర్నెట్ వైపు ఆ ద్వారం తెరుచుకొని కూర్చుంటే, ప్రపంచంలో ఎవరైనా వచ్చి "నేను 101ని, నన్ను లోపలికి రానీయండి" అని అడుగవచ్చు. పాస్‌వర్డు తప్పయితే వ్యవస్థ కాదంటుంది. అడిగేది మనిషైతే నాలుగుసార్లకు విసిగి పోతాడు. అడిగేది యంత్రం. దానికి విసుగు లేదు, నిద్ర లేదు, సిగ్గు అసలే లేదు. దీనినే బ్రూట్ ఫోర్స్ దాడి అంటున్నారు.

ఈ మాట వినగానే నాకు ప్రస్తారం జ్ఞాపకం వచ్చింది. ఛందశ్శాస్త్రంలో పింగళుడు చెప్పిన పద్ధతి అది. ఇన్ని అక్షరాల పాదంలో గురులఘువులు ఎన్ని విధాలుగా అమరగలవో, సర్వగురువుతో మొదలుపెట్టి సర్వలఘువు దాకా ఒక్కటీ వదలకుండా వరుసగా వ్రాసుకొంటూ పోవడం. మూడక్షరాలకు ఎనిమిది విధాలు. అవే మన మ-య-ర-స-త-జ-భ-న గణాలు. ఇరవై అక్షరాలకు 10,48,576 విధాలు. వాటిలో మన ఉత్పలమాలది 3,55,799వ స్థానం.

కవి ఉత్పలమాలను చెవితో పట్టుకొంటాడు. యంత్రానికి చెవి లేదు. అది ఒకటవ వృత్తం నుంచి గీసుకొంటూ పోతుంది. సెకనుకు పది చొప్పున గీసినా పది గంటలలోపే ఉత్పలమాల దానికి దొరుకుతుంది. శనివారం రాత్రి పదింటికి మొదలుపెడితే ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ముందే పని పూర్తి. బ్రూట్ ఫోర్స్ అంటే ఇంతే. దొంగ తెలివితేటలకూ మన తెలివితేటలకూ జరిగే పోటీ కాదిది. వట్టి లెక్క.

లెక్క గనుక లెక్కతోనే చూద్దాము. మూడంకెల పాస్‌వర్డుకు వేయి విధాలు. సెకనుకు పది చొప్పున నూరు సెకన్లు. నాలుగంకెలకు పదివేలు; పదిహేడు నిమిషాలు. ఎనిమిది ఇంగ్లీషు చిన్న అక్షరాలను ఏ అర్థమూ లేకుండా గుదిగుచ్చితే సుమారు 20,882 కోట్ల విధాలు. అదే వేగంతో అన్నీ చూడడానికి ఆరువందల అరవై ఏండ్లు. ఇంకొన్ని అక్షరాలు పొడిగించి, అంకెలు కలిపితే ఆ వెదుకులాటకు అంతే లేదు.

అయితే మనుషులు అర్థం లేని అక్షరాలను గుదిగుచ్చరు. ఇష్టదైవం పేరు, పిల్లవాడి పేరు, చివర 123. దొంగ కూడా అందుకే సమస్త ప్రస్తారమూ వెయ్యడు. జనం వాడే మాటల పట్టిక ముందు పెట్టుకొని ఒక్కొక్కటే ప్రయత్నిస్తాడు. దానికి నిఘంటువు దాడి అని పేరట. జీవితమంతా నిఘంటువును కళ్ళకద్దుకొన్నవాడిని. అది దొంగచేతి గునపం కూడా అయిందని వినడం ఎంత కష్టం!

ఇక దొంగకు వచ్చే లాభమేమిటి? కొన్ని నంబర్లకు కాల్ చేస్తే నిమిషానికి చాలా ఎక్కువ రుసుము పడుతుంది. ఆ రుసుములో కొంత భాగం నంబరు తీసుకొన్నవాడికి చేరుతుంది. దొంగ అటువంటి నంబర్లు సంపాదించి, పరాయివాడి ఫోను నుంచి వాటికి తానే కాల్స్ చేయిస్తాడు. లేదా చౌకగా విదేశీ కాల్స్ అని చెప్పి, దొంగిలించిన దారిని ఇతరులకు అమ్ముతాడు. వారాంతాలూ, పండుగ రోజులూ ఎంచుకోవడం అందుకే. బిల్లు చూసేవాడు సెలవులో ఉంటాడు.

ఇది మా వీధిలో ఒక్కడికి పట్టిన దుర్దశ కాదు. ఎడ్విన్ పెనా అనే మనిషిని అమెరికాలో 2006లో పట్టుకొన్నారు. ఫోను సంస్థలు తమ కాల్స్‌ను గుర్తుపట్టేందుకు వాడే రహస్య సంకేతాలను ఇలాగే వరుసగా ప్రయత్నించి కనిపెట్టి, కోటికి పైగా నిమిషాల మాటలను తనవిగా అమ్ముకొన్నాడు. దేశం విడిచి పారిపోయి, మెక్సికోలో దొరికి, 2010లో పదేండ్ల శిక్ష పొందాడు. అతనికి తోడ్పడిన రాబర్ట్ మూర్‌కు 2007లో రెండేండ్ల శిక్ష పడింది. తాళం మార్చకుండా వదిలిన పెట్టెలే తన పని సులువు చేశాయని అతడు ఒక పత్రికతో చెప్పాడు. 2009లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన మరొక కేసులో 2,500కు పైగా ఫోను వ్యవస్థలు, కోటీ ఇరవై లక్షలకు పైగా నిమిషాలు, అయిదున్నర కోట్ల డాలర్లకు మించిన విలువ.

"మూడుసార్లు తప్పు చెప్పినవాణ్ణి బయటికి నెట్టేస్తే పోలేదా?" అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. ఫెయిల్‌టూబ్యాన్ అనే ఉచిత సాఫ్టువేరు ఆ పనే చేస్తుంది. లాగ్ పుస్తకం చదువుతూ, పదేపదే తప్పు పాస్‌వర్డు చెప్పే చిరునామాను కొంతకాలం వెలివేస్తుంది. తప్పక పెట్టుకోవలసినదే. కాని అది ఒక్కటే చాలదు. 2011 ఫిబ్రవరిలో సాలిటీ అనే వైరస్ పట్టిన కంప్యూటర్లు సుమారు ముప్పై లక్షల చిరునామాల నుంచి, పన్నెండు రోజులలో, ఇంటర్నెట్ నంతటినీ సిప్ ద్వారాల కోసం గాలించాయి. దొంగ ముప్పై లక్షల ముఖాలతో వచ్చి, ఒక్కొక్క ముఖంతో ఒక్కసారే తలుపు తడితే, కావలివాడు ఎవరిని గుర్తుపడతాడు? అదీగాక మన మొబైలు ఇంటర్నెట్‌లో ఎందరికో కలిపి ఒకే చిరునామా ఉంటుంది. ఒకడి తప్పుకు అందరూ వెలి అయ్యే ప్రమాదమున్నది.

ఇప్పుడు నా వాదం చెబుతాను. ఇంతటి లెక్కను, ఇంతటి సైన్యాన్ని ఎదుర్కొనే భారాన్ని ఆరుగురు పనిచేసే కార్యాలయం యజమాని నెత్తిన పెట్టి, ఓడిపోయాక "నీ అజాగ్రత్త" అనడం న్యాయం కాదు. తాళం వేసిన స్థితిలోనే పెట్టె అతని చేతికి రావాలి. ఆ బాధ్యత తయారుచేసినవారిది, అమ్మినవారిది, బిగించినవారిది, కాల్స్ మోసే సంస్థది.

నా ఉద్యోగంలోని సంగతి ఒకటి చెబుతాను. పదవ తరగతి ప్రశ్నపత్రాలు పోలీసు ఠాణాలో ఉంటాయి. పరీక్ష నాటి ఉదయం సీలుతో వస్తాయి. సాక్షుల ఎదుట విప్పుతారు. ఉపాధ్యాయులందరూ దొంగలని కాదు. ప్రతి ఉపాధ్యాయుడి జాగ్రత్త మీదా ఏర్పాటు నిలబడరాదని. ఎవడో ఒకడు ఎన్నడో ఒకనాడు మరచిపోతాడని తెలిసే ఆ ఏర్పాటు చేశారు. ఫోను పెట్టెకు కూడా ఆ మాత్రం దూరాలోచన ఉండవద్దా?

ఇది అసాధ్యమేమీ కాదు. ఆస్టరిస్క్ అనే ప్రసిద్ధమైన ఉచిత ఫోను సాఫ్టువేరు ఒకప్పుడు, లేని ఎక్స్‌టెన్షను అడిగితే ఒక రకంగా, ఉన్నదానికి పాస్‌వర్డు తప్పు చెబితే మరొక రకంగా జవాబిచ్చేది. అంటే "ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు" అనో "ఉన్నాడు, గుర్తు చెప్పు" అనో కావలివాడే దొంగకు చెబుతున్నట్లు. రెండింటికీ ఒకే జవాబిచ్చే మీట అందులో ఉండేది గాని, ఎవరికి వారు దానిని వెదికి వేసుకోవాలి. తరువాతి ప్రతులలో ఆ మీటను వేసే ఇవ్వసాగారు. వాడేవారి చదువు పెరగలేదు, శ్రద్ధ పెరగలేదు. అయినా ఆ కన్నం మూతపడింది. చట్టాల వైపు చూసినా ఇదే. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి, బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు తగిలించే వస్తువులను అన్నిటికీ ఒకే పాస్‌వర్డుతో అమ్మడం కుదరదు. మన బజారులో చిన్న దుకాణంలో కొనే పెట్టెకు కూడా అటువంటి కట్టడి వర్తించాలి.

"కట్టుదిట్టం ఎక్కువైతే కొనేవారు విసుక్కొంటారు" అని అమ్మేవారు అంటారు. నిజమే. కాని ఒకపూట విసుగుకూ, ఆరుగురి జీతం పోవడానికీ సామ్యం లేదు.

ఆ రోజు వచ్చేదాకా మన జాగ్రత్త మనకు తప్పదు. నేను తెలుసుకొన్నంతవరకు ముఖ్యమైనవి ఇవి. ఫోను వ్యవస్థను ఇంటర్నెట్‌కు ఎదురుగా తెరిచి ఉంచకుండా, తెలిసిన చిరునామాలకే ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి. బయట తిరిగేవారు వీపీఎన్ ద్వారా రావాలి. ప్రతి ఎక్స్‌టెన్షనుకూ వేరు వేరుగా, పొడుగుగా, యంత్రమే కల్పించిన పాస్‌వర్డు ఉండాలి. 5060 బదులు మరొక ద్వారం పెట్టుకొంటే తలుపు తట్టే చప్పుడు తగ్గుతుంది. అది తాళం కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, నష్టానికి హద్దు కట్టడం. పనిలేని దేశాలకు కాల్స్ మూసివేయాలి. రోజుకింత అని సొమ్ముకు పరిమితి పెట్టాలి. తనంతట తాను నిండే ఖాతాను ఆపివేయాలి. తాళం విరిగినా గల్లాపెట్టెలో ఆ రోజు చిల్లరే ఉంటుంది.

నష్టం జరిగితే సిగ్గుపడి దాచవద్దు. పరాయివారి పాస్‌వర్డును మోసంతో వాడడం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద నేరం. మూడేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. సైబరు మోసాలకు 1930 నంబరు ఉన్నది. ఇటువంటి చొరబాట్లను ఆరు గంటలలోపు తెలియజేయాలనీ, లాగ్‌లను 180 రోజులు దాచాలనీ 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించింది. మావాడి దగ్గర లాగ్‌లు లేవు. స్థలం చాలదని వారానికొకసారి చెరిపేవారట. ఫిర్యాదు ఇచ్చాడు గాని చూపడానికి ఏమీ మిగలలేదు. సొమ్ము రాలేదు. ఒక నెల జీతాలు ఇంటి బంగారం తాకట్టు పెట్టి ఇచ్చాడు. ఆ మాట వాడు చెప్పలేదు, వాడి తల్లి చెప్పింది.

పోయిన వారం మళ్ళీ వచ్చాడు. అన్నీ సరిచేసుకొన్నాడట. "సార్, మీరు బడిల నేర్పిన పద్యం ఒక్కటి యాదికున్నది. దాన్నే పాస్‌వర్డు పెట్టుకోన్నా?" అన్నాడు.

సంతోషం కలిగింది, కాని వద్దన్నాను. పద్యం పదిమందికి నోటికి రావలసిన వస్తువు. నోటికి వచ్చినదేదైనా దొంగ పట్టికలోకీ ఎక్కుతుంది. పద్యాన్ని పిల్లలకు నేర్పు, పాస్‌వర్డును యంత్రాన్నే కల్పించమను అన్నాను.

మీలో ఇటువంటి ఫోనులు అమ్మేవారు, బిగించేవారు ఎవరైనా ఉంటే ఒక్క మనవి. "తర్వాత మార్చుకోండి" అని చెప్పి వెళ్ళకండి. మార్చి వెళ్ళండి. నా లెక్కలో, నా అవగాహనలో పొరపాటుంటే తెలిసినవారు దిద్దగలరు.

సెలవు.