పచ్చబడిన తెర, పట్టించుకున్న ప్రభుత్వం
సినిమా నడుస్తుండగా తెర ఉన్నట్టుండి పచ్చబడితే ఫైలు పాడైందనుకుంటాం. తప్పు తరచూ వేరేచోట ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్ డీకోడ్ చేసిన ఫ్రేము ప్లేయరుకు అందక, వెలుగు, రంగుల విలువలన్నీ సున్నాలుగా మిగిలితే, అవే తెరమీద ఆకుపచ్చగా కనిపిస్తాయి. చిప్పుకో తీరు, డ్రైవరుకో తీరు కాబట్టి ఇలాంటి బగ్గు పట్టుకోవడానికి ఎంతో ఓపిక కావాలి. వీఎల్‌సీ, ఎంపీవీ ప్లేయర్లు ఆధారపడే సాఫ్ట్‌వేరు అయిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఈ చాకిరీ ఏళ్లుగా ఎక్కువగా స్వచ్ఛంద ప్రోగ్రామర్లదే. 2024లో జర్మనీ ప్రభుత్వ నిధి అయిన సావరిన్ టెక్ ఫండ్ దాని నిర్వహణకు సుమారు 1.57 లక్షల యూరోలు కేటాయించింది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు అదే తొలి ప్రభుత్వ సాయం. కొత్త హంగులకు కాక మరమ్మతుకు ప్రజాధనం ఇవ్వడం ఎంతో మంచి పని. ఇంతమంది ఇంజినీర్లున్న మన తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇలాంటి నిధి పెట్టాలి.