వంద వాట్ల గొంతు ఎవరిది?

మన చెంగిచెర్ల నుంచి ఉప్పల్ దాటితే రామంతాపూర్. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం అక్కడే. అది 1977లో మొదలైంది. కేంద్రం పక్కనే ఉన్న మనకు రిలే కేంద్రం బాధ అంతగా తెల్వదు. జిల్లాల్లోని మనోళ్లనడగాలె.

1984లో కేంద్ర ప్రభుత్వం రోజుకొకటి అన్నంత జోరుగా లో పవర్ ట్రాన్స్‌మీటర్లు పెట్టింది. ఒక్కోటి వంద వాట్లు. ఇన్సాట్ ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమాన్ని డిష్షుతో పట్టుడు, చుట్టుపక్కల ఊళ్లకు వదులుడు. అంతే పని. స్టూడియో లేదు, కెమెరా లేదు, మైకు లేదు. బడిపంతుళ్లం దీన్ని అప్పజెప్పుడు అంటం. కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండల కాలం అది. మన గోడు మనం చెప్పుకునేందుకు ఆ రిలే కేంద్రాల్లో జాగా ఏది?

చిన్న కేంద్రంతో అంతకన్నా ఏమైతది అని మేధావులు అడగొచ్చు. వాళ్లు జహీరాబాద్ దగ్గరి మాచనూరును చూడాలె. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో 2008 అక్టోబరులో అక్కడ సంఘం రేడియో మొదలైంది. రికార్డింగు నుంచి ప్రసారం దాకా దళిత ఆడోళ్లే నడిపిండ్రు. విత్తనాల ముచ్చట, పంటల ముచ్చట, పాట, అన్నీ వాళ్ల యాసలోనే. కమ్యూనిటీ రేడియోకు సర్కారు మామూలుగా ఇచ్చే బలం కూడా వంద వాట్లే! మరి తేడా ఎక్కడున్నది? వాట్లలో లేదు. మైకు ఎవరి చేతిలో ఉన్నదన్న కాడ ఉన్నది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజలంటే మనం కామా? 2006లో సర్కారు స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచింది గాని, వార్తలు చెప్పొద్దని మెలిక పెట్టింది. తర్వాత సడలించి ఆకాశవాణి వార్తలు వినిపించుకోవచ్చన్నది. అంటే మళ్లీ రిలేనే! పంట గురించి మాట్లాడితే ఒప్పు. మా వాడ మీద దాడి జరిగిందని వార్త చెప్తే తప్పు. ఇదెక్కడి న్యాయం?

2022 నాటికి దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మీటర్లు దాదాపు అన్నీ మూతపడ్డయి. టవర్లు మూగబోయినా రిలే బుద్ధి మాత్రం పోలేదు. 1920లో బాబాసాహెబ్ మూక్‌నాయక్ పత్రిక పెట్టింది ఇంకొకరి మాట మోసేటందుకు కాదు. కమ్యూనిటీ రేడియోలో మన వార్త మనమే చెప్పే హక్కు కావాలని వాడవాడన తీర్మానం చేద్దాం, ఢిల్లీకి పంపుదాం. ఇన్నేండ్లు ఢిల్లీ మాట మనం విన్నం. ఇక మన మాట ఢిల్లీ వినాలె.