మూసిన కవరు, అందరి ముందు లెక్క



ఈ నెల మన మాట టెండరు. ఇది ఇంగ్లీషు నుంచి వచ్చినా తెలుగులో ఎప్పుడో స్థిరపడిపోయింది. డర్బన్‌లో ఏ పత్రిక తెరిచినా ఈ మాట కనబడుతుంది. అయితే మంచి వార్తల్లో కనబడేది తక్కువ. టెండరు అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "అదంతా ముందే మాట్లాడుకున్నదేలే" అంటారు. పిల్లలు అది విని, టెండరు అంటే మోసానికి ఇంకో పేరు అనుకుంటున్నారు. నా తరగతిలో ఒక అబ్బాయి సరిగ్గా అలాగే రాశాడు. అందుకే ఈసారి కంట్రాక్టర్లు టెండరు ఎలా వేస్తారో, మన గుడులకూ బడులకూ దానితో పని ఏమిటో చూద్దాం.

వేలం వేరు, టెండరు వేరు

ముందు ఒక పాత మాట నేర్చుకుందాం. అది వేలం. వేలంలో అందరూ ఒకచోట చేరి, ఒకరి ధర ఒకరు వింటూ పాట పాడతారు. ఇక్కడ పాట అంటే సంగీతం కాదు. "నేను ఇంత ఇస్తాను" అని గట్టిగా చెప్పడం. హైదరాబాదు దగ్గర బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూను ప్రతి ఏడూ వేలం వేస్తారు. 1994లో అది 450 రూపాయలకు పోయింది. ఇప్పుడు లక్షల్లో పోతోంది. వేలంలో పాడేవాళ్ళందరూ కొనేవాళ్ళే, కాబట్టి ధర పైకి వెళ్తుంది.

టెండరు దీనికి తలకిందులు. ఇక్కడ పని చేయించుకునేది ఒక్కరు. చేస్తామని వచ్చేవాళ్ళు చాలామంది. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు. ఒక్కొక్కరు తమ ధరను కవరులో పెట్టి, మూసి ఇస్తారు. పని కావాలనుకున్నవాడు ధరను వీలైనంత తగ్గిస్తాడు. కాబట్టి ధర కిందికి వస్తుంది.

తెలుగు పత్రికల్లో కంట్రాక్టరును గుత్తేదారు అంటారు. గుత్త అంటే "ఈ పని మొత్తం ఇంత సొమ్ముకు చేస్తాను" అనే ఒప్పందం. గంపగుత్త అనే మాట కూడా ఉంది. విడివిడిగా లెక్క చూడకుండా అంతా ఒకే ధరకు ఇవ్వడం, లేదా తీసుకోవడం.

కవరులో ఏముంటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన ఎతెక్విని మునిసిపాలిటీ ఒక క్లినిక్కుకు కొత్త పైకప్పు వేయించాలనుకుంది అనుకోండి. ముందు ప్రకటన వేస్తుంది. దీన్నే తెలుగులో టెండర్లు పిలవడం అంటారు. పని ఏమిటి, ఎక్కడ, కాగితాలు ఎక్కడ దొరుకుతాయి, గడువు ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది అందులో ఉంటుంది.

ఎవరు పడితే వాళ్ళు టెండరు వేయడానికి లేదు. దక్షిణాఫ్రికాలో 2000 నాటి చట్టం ప్రకారం నిర్మాణ పరిశ్రమ అభివృద్ధి బోర్డు ఏర్పడింది. అందరూ దాన్ని సి.ఐ.డి.బి. అంటారు. ప్రభుత్వ కట్టడాల పని కావాలంటే ఈ బోర్డులో పేరు నమోదై ఉండాలి. బోర్డు కంట్రాక్టర్లకు 1 నుంచి 9 వరకు శ్రేణులు ఇస్తుంది. మొదటి శ్రేణివాళ్ళు 5 లక్షల ర్యాండ్ల వరకు పనులు చేయవచ్చు. తొమ్మిదో శ్రేణికి హద్దు లేదు. చేసిన పనిని బట్టి, చేతిలో ఉన్న సొమ్మును బట్టి మెట్టు మెట్టుగా ఎక్కాలి.

తరువాత కంట్రాక్టరు పని జరిగే చోటును చూసి రావాలి. చాలా టెండర్లలో ఇది తప్పనిసరి. అక్కడ పెట్టిన పుస్తకంలో సంతకం చేయనివాళ్ళ కవరును లెక్కలోకి తీసుకోరు. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. పాత రేకుల కింద దూలాలు కుళ్ళాయా, లారీ లోపలికి వెళ్ళే దారి ఉందా అన్నది కాగితంలో కనబడదు కదా.

ఆ తరువాత అసలు పని, ధర కట్టడం. మునిసిపాలిటీ ఒక పరిమాణాల పట్టిక ఇస్తుంది. ఒక్కో పనికి ఒక్కో వరుస. వరుసలో పని పేరు, కొలత, పరిమాణం ముందే ఉంటాయి. రేటు మాత్రం ఖాళీగా ఉంటుంది. రేకులు 400 చదరపు మీటర్లు అని ఉంటే, చదరపు మీటరుకు 450 ర్యాండ్లు అని కంట్రాక్టరు రాస్తాడు. ఆ వరుస మొత్తం 1,80,000 ర్యాండ్లు. ఆ 450లోనే రేకు ధర, మేకులు, కూలి, రవాణా, కోతలో పోయే తరుగు, నిచ్చెనలు, పరంజా, చివరికి అతని లాభం అన్నీ ఇమడాలి. పరంజా అంటే పనివాళ్ళు నిలబడడానికి గోడ పక్కన కట్టే కర్రల లేదా గొట్టాల కట్టుబడి. అన్ని వరుసలూ కూడి, దానికి 15 శాతం వ్యాట్ కలిపితే కవరులో రాసే ధర వస్తుంది. ఒక్క వరుస మరిచిపోతే టెండరు దొరుకుతుంది, లాభం పోతుంది.

ధరతో పాటు కాగితాలు కూడా ఉండాలి. పన్నులు సరిగ్గా కట్టినట్టు రుజువు కావాలి. ప్రభుత్వ సరఫరాదారుల జాబితాలో పేరు ఉండాలి. పని ఇచ్చే కార్యాలయంలో తనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని చెప్పే పత్రం కూడా పెట్టాలి. నాకు తెలిసిన ఒక తాపీ మేస్త్రీ గారి పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఆయన ధర కూడా న్యాయంగానే ఉంది. కానీ ఒక పేజీలో సంతకం లేదని ఆయన కవరు పక్కన పెట్టేశారు. చిన్న కంట్రాక్టర్లు ధర దగ్గర ఓడిపోవడం ఒక ఎత్తు, కాగితం దగ్గర ఓడిపోవడం ఇంకో ఎత్తు.

ఇక్కడ మన పూర్వులు గుర్తుకు వస్తారు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ తరువాత వచ్చిన ఓడల్లోనూ మనవాళ్ళు ఎందరో తాము చదవలేని ఒప్పందం మీద గుర్తు పెట్టి వచ్చారు. ఆ ఒప్పందాన్నే గిర్మిట్ అన్నారు. మొదటి సంవత్సరం జీతం నెలకు 10 షిల్లింగులు అని అందులో ముందే రాసి ఉండేది. తన పనికి ధర చెప్పే హక్కు పనివాడికి లేదు. టెండరులో ధర చెప్పేది పనిచేసేవాడే. అందుకే సంతకం చేసే ముందు ప్రతి పేజీ చదవమని మన యువకులకు చెప్పాలి.

కవరు తెరిచినప్పుడు

గడువు 11 గంటలు అయితే, 11 గంటల 2 నిమిషాలకు వచ్చిన కవరును తీసుకోరు. ఇది కఠినంగా అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. 11 గంటలకు మిగతా కవర్లు తెరవడం మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు మిగతావాళ్ళ ధరలు విని తన ధర రాసుకోవచ్చు. అందరి ముందు కవర్లు తెరిచి, పేర్లూ ధరలూ బయటికి చదువుతారు. విన్నవాళ్ళు రాసుకోవచ్చు.

తక్కువ ధర చెప్పినవాడికే పని దొరుకుతుందా? ఇక్కడ ఎప్పుడూ అలా కాదు. 5 కోట్ల ర్యాండ్ల వరకు ఉన్న పనులకు 80/20 పద్ధతి ఉంది. ధరకు 80 మార్కులు. మిగతా 20 మార్కులు ప్రత్యేక లక్ష్యాలకు. పాత రోజుల్లో అవకాశం దొరకని వర్గాలకు చోటు ఇవ్వడం అందులో ముఖ్యం. 5 కోట్లు దాటితే 90/10.

లెక్క చేసి చూద్దాం. మొదటి కంట్రాక్టరు 10 లక్షలు అన్నాడు. అదే అన్నిటికన్నా తక్కువ కాబట్టి 80కి 80 వచ్చాయి. రెండో ఆమె 10 లక్షల 50 వేలు అంది. అది 5 శాతం ఎక్కువ కాబట్టి 80లో 5 శాతం, అంటే 4 మార్కులు పోయి 76 వచ్చాయి. మూడో ఆయన 12 లక్షలు అన్నాడు. 20 శాతం ఎక్కువ కాబట్టి 64 వచ్చాయి. లక్ష్యాల మార్కులు మొదటివాడికి 5, మిగతా ఇద్దరికీ చెరో 20 అనుకోండి. మొత్తాలు 85, 96, 84. పని రెండో ఆమెది. కానీ మూడో ఆయనకు లక్ష్యాల మార్కులు అన్నీ వచ్చినా పని రాలేదు, చూశారా? ధర మరీ ఎక్కువైతే ఆ 20 మార్కులు కాపాడవు.

మన రాజ్యాంగం 217వ విభాగం ప్రభుత్వం చేసే కొనుగోలుకు ఐదు గుణాలు ఉండాలంటుంది. న్యాయం, సమదృష్టి, పారదర్శకత, పోటీ, పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం. ఈ ఐదు మాటలూ నోటికి రావాలి.

కుమ్మక్కు

ఇప్పుడు చెడ్డ మాట. కుమ్మక్కు అంటే పోటీ పడవలసినవాళ్ళు రహస్యంగా ఒకటి కావడం. "ఈ పని నీది, వచ్చే పని నాది" అని పంచుకుంటారు. ఓడిపోవడానికి ఒప్పుకున్నవాడు కావాలనే పెద్ద ధర రాసి కవరు వేస్తాడు. పైకి నాలుగు కవర్లు కనబడతాయి. లోపల పోటీ ఉండదు.

మన దేశంలో ఇది చిన్న స్థాయిలో జరగలేదు. 2013లో 15 నిర్మాణ సంస్థలు పోటీ కమిషనుతో ఒప్పందానికి వచ్చి, మొత్తం 146 కోట్ల ర్యాండ్ల జరిమానాకు ఒప్పుకున్నాయి. 2010 ప్రపంచ కప్పు స్టేడియాల పనులు కూడా ఆ వ్యవహారంలో ఉన్నాయి. ఆ డబ్బు మనం కట్టిన పన్నులదే. కాబట్టి పెద్దవాళ్ళ అనుమానానికి కారణం లేకపోలేదు. అయితే నియమం పాటించనప్పుడు మోసం జరిగింది. తప్పు నియమానిది కాదు.

మన సభల సంగతి

ఇదంతా మునిసిపాలిటీ గొడవ, మనకెందుకు అనకండి. 2022 ఏప్రిల్ వరదల తరువాత క్వాజులు-నటాల్‌లో ఎన్నో బడులూ గుడులూ బాగుచేయించుకోవలసి వచ్చింది. ఆ డబ్బు ఎక్కడిది? భక్తుల చందాలు, అమ్మమ్మల పింఛను సొమ్ము, లడ్డూలు చేసి అమ్మిన సొమ్ము.

ఒక సభలో జరిగింది చెబుతాను. హాలు పైకప్పు పనిని కమిటీలో ఒకరి మేనల్లుడికి ఇచ్చారు. "మనవాడే కదా, కొటేషన్లు ఎందుకు?" అన్నారు. అబ్బాయి పని బాగానే చేశాడు. ధర కూడా ఎక్కువ కాదేమో. కానీ పోల్చి చూపించడానికి ఇంకో కాగితం లేదు. ఎవరో అడిగారు, ఎవరో కోప్పడ్డారు. రెండు కుటుంబాలు గుడికి రావడం మానేశాయి. ఆ అబ్బాయి తప్పు చేయకుండానే నింద మోశాడు.

పద్ధతి దొంగను పట్టుకోవడానికే అనుకుంటాం. నిజాయితీ ఉన్నవాడికి కూడా అదే రక్షణ. మేనల్లుడు కవరులో ధర పెట్టి, మిగతా ఇద్దరితో పోటీ పడి గెలిచి ఉంటే, తల ఎత్తుకుని తిరిగేవాడు.

దీనికి పెద్ద కార్యాలయం అక్కర్లేదు. పని వివరాలు ఒకే కాగితం మీద రాసి ముగ్గురికీ అదే ఇవ్వండి. ముగ్గురి కవర్లూ ఒకే రోజు, కమిటీ అందరి ముందు తెరవండి. బంధువు పోటీలో ఉన్నవాళ్ళు ఆ కాసేపు బయట కూర్చోవాలి. ఎవరికి ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో మినిట్స్ పుస్తకంలో రాయండి. మరీ తక్కువ ధర వస్తే సంతోషపడే ముందు ఏ వరుస మరిచిపోయారో అడగండి. సగంలో ఆగిన పైకప్పు అన్నిటికన్నా ఖరీదైనది.

తెలుగు పత్రికల్లో

ఆంధ్రప్రదేశ్ వార్తలు చదివేవాళ్ళకు రివర్స్ టెండరింగ్ అనే మాట తగులుతుంది. కవర్లు తెరిచాక, వచ్చిన తక్కువ ధర నుంచి ఇంకా కిందికి పోటీ పెట్టడమే ఇది. వేలంపాటను తలకిందులు చేసినట్టు. అక్కడి ప్రభుత్వం 2019లో తెచ్చింది. 2024లో తరువాతి ప్రభుత్వం తీసేసింది. అక్కడ కూడా తక్కువ ధర మంచిదా, తగిన ధర మంచిదా అనే వాదన నడుస్తూనే ఉంది.

ఈ నెల మాటలు

గడువు: పని ముగియాల్సిన సమయం. "గడువు దాటింది" అంటే ఆలస్యమైంది.
అంచనా: ముందుగా వేసుకునే లెక్క.
ధరావతు: నమ్మకం కోసం ముందే కట్టి ఉంచే సొమ్ము.
కుమ్మక్కు: చాటుగా ఒకటి కావడం.
పారదర్శకత: లోపల ఉన్నది బయటికి కనబడడం.
లక్ష: వంద వేలు. పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్.

మీ వంతు

ఒకటి: మొదటివాడు 8 లక్షలు, రెండోవాడు 10 లక్షలు అన్నారు. ధరకు 80 మార్కుల్లో ఎవరికి ఎన్ని?
రెండు: "మనవాడే కదా" అని ఎవరైనా అంటే మీరు మర్యాదగా ఏమని జవాబిస్తారు? మూడు వాక్యాలు తెలుగులో రాయండి. ఇంట్లో తాతగారికో అమ్మమ్మగారికో చదివి వినిపించండి. ఆదివారం తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చుకోండి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.