పొగ ఒకచోట, లోపం మరోచోట
టర్బో కారు లాగడం లేదంటే టర్బోనే పోయిందని కాదు. పర్సు తీసే ముందు వెతకాల్సిన వరస ఒకటుంది

పేరు వినగానే ఆంధ్రా కొసన ఉన్న ఇచ్ఛాపురం గుర్తొస్తుంది. ఈ ఇచ్ఛాపూర్ మాత్రం గుజరాత్‌లో, సూరత్ నుంచి హజీరా పారిశ్రామిక వాడకు వెళ్లే దారిలో ఉంది. హజీరాలో మొదలయ్యే 53వ నంబరు జాతీయ రహదారి తూర్పున ధూలే వైపు సాగిపోతుంది. మరమగ్గాలను నమ్ముకుని సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ కుటుంబాలు కారులో సొంతూళ్లకు బయల్దేరితే పట్టే దారుల్లో అదొకటి. చదునైన సూరత్ వీధుల్లో నెలల తరబడి బుద్ధిగా నడిచే పాత డీజిల్ కారు, పండక్కి మనుషులనూ మూటలనూ ఎక్కించుకుని నవాపూర్ దాటి కొండాయిబారి ఘాట్ ఎక్కేటప్పుడు అసలు రంగు బయటపెడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ ఉండదు. వెనక నల్లటి పొగ. ముందు ఇంజన్ లైటు. పక్కనుంచి లారీలు హారన్ కొడుతూ దాటిపోతుంటాయి.

మర్నాడు షెడ్డులో వినిపించే తీర్పు చాలాసార్లు ఒకటే: ''టర్బో పోయింది, మార్చేద్దాం.'' మార్చడమంటే పదుల వేల రూపాయలు. లోపం పగిలిన వాక్యూమ్ గొట్టంలోనే ఉంటే వందల్లో తేలిపోయే పని అది. ఈ రెండు బిల్లుల మధ్య తేడా ఓపిగ్గా చేసే గంటన్నర పరీక్ష.

టర్బోచార్జర్ కొత్త వింతేమీ కాదు. స్విస్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బుషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నారు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పడం, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రంతో బయటి గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపడం - సూత్రం అంతే. ఎక్కువ గాలి అందితే ఎక్కువ ఇంధనం మండుతుంది, చిన్న ఇంజన్ పెద్ద బరువు లాగుతుంది. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమే.

మన రోడ్ల మీద దీన్ని మధ్యతరగతికి చేర్చిన ఘనత చాలావరకు ఫియట్ 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌ది. మారుతి, టాటా, ఫియట్ బ్యానెట్ల కింద అదే ఉండటంతో దానికి 'నేషనల్ ఇంజన్' అన్న ముద్దుపేరు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది. అప్పటికే రోడ్డెక్కిన కార్లు మాత్రం చేతులు మారుతూ, వయసు మీదపడుతూ తిరుగుతూనే ఉన్నాయి. మరోవైపు చిన్న పెట్రోల్ కార్లలోకీ టర్బో వచ్చేసింది. అంటే ఈ తలనొప్పి తగ్గేది కాదు.

పరీక్ష మొదలవ్వాల్సింది స్కానర్‌తో. పీ0299 అనే కోడ్ కనిపిస్తే, ఇంజన్‌కు అందాల్సినంత గాలి ఒత్తిడి అందడం లేదని అర్థం. టర్బో చెడిపోయిందని కాదు. కోడ్ చెప్పేది జ్వరం ఉందని మాత్రమే, జబ్బు పేరు కాదు. ఇంజన్ ఆపి తాళం ఆన్ చేసినప్పుడు మ్యాప్ సెన్సర్ సుమారు 100 కిలోపాస్కల్ చూపాలి. సముద్ర మట్టం దగ్గర బయటి గాలి ఒత్తిడి అంతే. అక్కడే తప్పు చూపితే సెన్సర్‌నే అనుమానించాలి. ఆ తర్వాత రోడ్డు మీద, మూడో గేర్‌లో, బరువు లాగిస్తూ చూడాలి. చాలా డీజిల్ కార్లలో ఆ అంకె దాదాపు రెట్టింపవ్వాలి. బండిని నిలబెట్టి రేస్ చేసి ''బూస్ట్ రావట్లేదు'' అనడం పరీక్ష కాదు. బరువు లేనిదే బూస్ట్ పూర్తిగా రాదు.

తర్వాతి వరస చవకైన దాని నుంచి ఖరీదైన దానికి. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు, వాటి క్లాంపులు. పగులు ఉన్నచోట తరచూ ఆయిల్ తడి, దానికంటిన దుమ్ము కనిపిస్తాయి. కనిపించకపోతే గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం మంచి పద్ధతి. యాక్సిలరేటర్ తొక్కితే 'స్స్' మని శబ్దం, నల్లటి పొగ వస్తుంటే ముందు వెతకాల్సింది ఇక్కడే.

గొట్టాలు బాగుంటే దృష్టి యాక్చువేటర్ మీదికి మళ్లాలి. వాక్యూమ్‌తో పనిచేసే రకమైతే చేతి పంపుతో పీల్చి చూడాలి. కడ్డీ సాఫీగా కదలాలి, కదిలినచోట నిలవాలి. జారిపోతే లోపలి పొర చిరిగినట్టే. పొర బాగుండి కడ్డీ బిగుసుకుపోతే టర్బో లోపలి రెక్కలకు మసి పట్టి ఉండొచ్చు. ఎప్పుడూ ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిచే బండ్లకు ఇది సహజ వ్యాధి. శుభ్రం చేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. తెరిచి ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి.

ఇన్నీ దాటాకే టర్బో వంతు. గొట్టం ఊడదీసి ఇరుసును వేళ్లతో కదిపి చూడాలి. పక్కలకు స్వల్పంగా ఆడటం మామూలే. ముందుకూ వెనక్కూ తెలిసేలా ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గుర్తులున్నా టర్బో ఆయుష్షు తీరినట్టే. గొట్టంలో కాస్త ఆయిల్ జిడ్డు ఉంటే బెదిరిపోనక్కర్లేదు. నీలి పొగ వస్తూ, ఆయిల్ మట్టం తరిగిపోతుంటే మాత్రం బండి నడపకూడదు. సీలు తెగితే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాగి, తాళం తీసేసినా ఆగకుండా పరుగెడుతుంది.

కొత్త టర్బో బిగించినా కథ ముగియదు. పాతది ఎందుకు పోయిందో తేల్చకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. ఎక్కువసార్లు దోషి ఆయిలే: వాయిదా వేసిన మార్పిడి, తప్పుడు గ్రేడు, మడ్డి పట్టిన సరఫరా గొట్టం. అందుకే ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ గొట్టం శుభ్రం చేసి లేదా కొత్తది వేసి, స్టార్ట్ చేసే ముందు టర్బోలో ఆయిల్ నింపాలి. యాక్చువేటర్ కడ్డీని తిప్పి బూస్ట్ పెంచే చిట్కాకు దూరంగా ఉండటం మేలు. ఆ రోజుకు బండి పరుగెత్తుతుంది, రేపు ఇంజనే పోతుంది.

ఇంత తెలిసిన మెకానిక్‌కు కూడా కంపెనీ సమాచారం అందకపోతే చేతులు కట్టేసినట్టే. వీధి మెకానిక్‌లకు విడిభాగాలు, పరీక్ష పరికరాలు అందకుండా చేశారంటూ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్రం 'మరమ్మతు హక్కు' మీద కమిటీ వేసి, వాహనాలను కూడా ఆ జాబితాలో చేర్చి, ఏడాది చివర్లో పోర్టల్ తెరిచింది. హక్కు కాగితం మీదినుంచి షెడ్డు దాకా రావాలంటే వాహనదారుడు అడగడం నేర్చుకోవాలి.

అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఏ కోడ్ వచ్చింది? టర్బో అని తేల్చేముందు ఏమేం పరీక్షించారు? జవాబు చెప్పే మెకానిక్ దొరికితే వదులుకోకూడదు. ఇక యజమాని చేయాల్సిందల్లా సమయానికి ఆయిల్ మార్చడం, ఘాట్ ఎక్కి ఆగినప్పుడు వెంటనే తాళం తీయకుండా ఇంజన్‌ను ఒక నిమిషం నెమ్మదిగా నడవనివ్వడం. ఎర్రగా కాగిన టర్బోకు ఆ నిమిషమే చల్లబడే సమయం.