ఆలయం అతనిదొక్కటేనా?

కొల్లేటి లంకల్లోనూ తాడేపల్లిగూడెం పక్క పల్లెల్లోనూ చుట్ట మానమంటే వచ్చే జవాబు ఒకటే: "నా ఒళ్లు, నా దేవుడు, మధ్యలో మీకెందుకు అయ్యగారూ?" ఈ మాట మేము ఒప్పుకోము. ఒంటిగది ఇంట్లో వదిలిన పొగ ఇల్లాలూ చంటిబిడ్డా కూడా పీల్చాలి. బ్రిటన్‌లో 4 లక్షల మందిని పన్నెండేళ్లకు పైగా గమనించి 2024లో వెల్లడించిన పరిశోధనలో, పక్కవారి పొగ పీల్చేవారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు 6 శాతం ఎక్కువగా కనబడింది. పీల్చే గంటలు పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది. ఆ జబ్బులో గుండె పై గదులు లయ తప్పి అదురుతాయి. అక్కడ నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే.

2008 అక్టోబరు 2 నుంచి ఏలూరు బస్టాండులో పొగతాగితే 200 రూపాయల దాకా జరిమానా. (వేసేవారు కనబడాలి గానీ!) ఇంట్లో ఆ చట్టం లేదు, అక్కడ వాక్యమే పలకాలి. మన ప్రసంగాలేమో దేహం దేవుని ఆలయమంటూ తాగేవాడి దేహం దగ్గరే ఆగిపోతున్నాయి. పక్కన దగ్గుతున్నది ఆలయం కాదా? రోమా 14లో పౌలు, సహోదరునికి అభ్యంతరమైతే మాంసం సైతం మానుకోమన్నాడు. చుట్ట అంతకంటే పవిత్రమా?

సంఘ పెద్దలారా, ఆరాధన ముగిశాక మందిరం మెట్ల మీదే ముట్టించేవారికి ఈ ఆదివారమే చెప్పండి. అందులో మీరుంటే ముందు మీరు ఆర్పండి.